ఒక్క మెతుకు చాలదు



అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండలోని మెతుకులన్నీ పట్టి చూడనక్కరలేదు, ఒక్క మెతుకు చాలునని మన పెద్దలు చెప్పారు. ఆ మాట నమ్ముకునే ఇన్నాళ్లుగా వండుతున్నాం, వడ్డిస్తున్నాం. కాని ఈ సామెత చెల్లని చోటు ఒకటున్నది. అది కంప్యూటరు ప్రోగ్రాం. అక్కడ ఒక మెతుకు మెత్తగా ఉన్నంత మాత్రాన పక్క మెతుకు ఉడికినట్టు కాదు. అందుకే ప్రోగ్రాములను పరీక్షించడం, అంటే టెస్టింగ్, ఒక ప్రత్యేకమైన పని అయి కూర్చున్నది. ఆ పని బాగుచేస్తానంటూ ఒక విద్యార్థిని ప్రతిపాదన రాసుకుంటే, మార్గదర్శిగా ఉండి నేను నేర్చుకున్నదేమిటో ఈ పూట మీతో చెప్పుకుంటాను.

ముందుగా ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో రెండు ముక్కలు. ప్రోగ్రాం రాసినవారు దాని కోడ్‌ను దాచుకోకుండా, అందరూ చదివి, సరిదిద్ది, పదిమందికీ పంచుకొనేట్టు వదిలిపెట్టడం. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను లోకానికిచ్చాడు. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనయితే, దాని అడుగున ఉన్నది ఆ లినక్సే. ఇది ఊరుమ్మడి బావి వంటిది. నీళ్లు అందరూ తోడుకుంటారు. పూడిక తీయడానికి దిగేవారెందరు చెప్పండి?

2014 ఏప్రిల్‌లో ఆ సంగతి లోకానికి బాగా తెలిసివచ్చింది. ఇంటర్నెట్‌లో మన రహస్యాలు కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఉమ్మడి ప్రోగ్రాంలో ఒక లోపం బయటపడింది. హార్ట్‌బ్లీడ్ అని దానికి పేరు. అవతలివారు నాలుగక్షరాలు పంపి, “నేను పంపినవి వేల అక్షరాలు, తిరిగి పంపించు” అంటే, ఎన్ని వచ్చాయో చూసుకోకుండా, పక్కనున్న ఇతరుల గుట్టు కూడా కలిపి ఇచ్చేసేది. 2012 మార్చిలో విడుదలైన కూర్పు నుంచీ ఆ లోపం ఉన్నది. రెండేళ్లకు పైగా బావిలో పాము ఉన్నా నీళ్లు తోడుకుంటూనే ఉన్నారన్నమాట.

ఇటువంటి ఉమ్మడి పనుల్లోకి కొత్తవాళ్లను తీసుకురావడానికి కొన్ని పథకాలు వచ్చాయి. గూగుల్ సంస్థ 2005లో సమ్మర్ ఆఫ్ కోడ్ ప్రారంభించింది. గ్నోమ్ ప్రాజెక్టువారు 2006లో ఆడపిల్లల కోసమే ఒక వేసవి కార్యక్రమం పెట్టారు. ఈనాటి ఔట్రీచీకి మూలం అదే. పని నేర్పుతారు, భృతి ఇస్తారు. చేరాలంటే మాత్రం ఏ పని, ఎందుకు, ఎట్లా చేస్తామో ప్రతిపాదన రాసి మెప్పించాలి.

మా కాలేజీలో చదివే ఒక అమ్మాయి అటువంటి పథకానికి పెట్టుకుందామని నా దగ్గరకు వచ్చింది. గ్రంథాలయాలకు పేర్ల చీటీలు అచ్చువేసి పెట్టే చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఒకటి ఎంచుకున్నది. పన్నెండు పేజీల ప్రతిపాదన. సగం కృత్రిమ మేధ చేత రాయించినదని చూడగానే తెలిసిపోయింది. మూడు నెలల్లో నూటికి తొంభై పాళ్ల కోడ్‌ను పరీక్షల కిందికి తెస్తానని అందులో వాగ్దానం.

“సరేనమ్మా, నువ్వు పట్టుకోబోయే తప్పేది? ఒక్కటి చెప్పు” అన్నాను.

“అది తర్వాత తెలుస్తుంది మేడమ్” అన్నది. ఆ మాట అంటూనే కళ్లనీళ్లు పెట్టుకున్నది. గడువు పది రోజులే ఉన్నది మరి.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ రాత్రి జాలేసి, నేనే కూర్చుని ఆమె ప్రతిపాదన మొదటినుంచీ రాయడం మొదలుపెట్టాను. రెండు పేజీలయ్యాక ఆగిపోయాను. రేపు ఎంపికైతే మూడు నెలలు పని చేయవలసినది ఆమె గాని నేను కాదు గదా! పిల్లకు నడక రాకముందే చంకనెత్తుకుని తిప్పితే నడక ఎప్పుడొస్తుంది? రాసిన రెండు పేజీలూ చెరిపేసి పడుకున్నాను. చెప్పొద్దూ, నిద్ర మాత్రం పట్టలేదు.

మర్నాడు ఒక్కటే పని చెప్పాను: “రాయడం ఆపు. ఆ ప్రోగ్రాంతో నాలుగు రోజులు నీకు తెలిసినవాళ్ల పేర్లన్నీ అచ్చువేసి చూడు.”

మూడో రోజున పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో చీటీ. వాళ్ల అమ్మమ్మ పేరు రాజ్యలక్ష్మి. చీటీ మీద పడింది “రాజ్యలక్ష్” అని! ఎందుకంటే, మన కంటికి ఆ పేరులో నాలుగే అక్షరాలు. కంప్యూటరు లెక్కలో పన్నెండు. హల్లు వేరు, పొల్లు వేరు, గుణింతపు గుర్తు వేరు. ఆ ప్రోగ్రాం పది దగ్గర కోసేస్తుంది. ఇంగ్లీషులో అట్లా కోస్తే పేరు పొట్టిదవుతుందంతే. తెలుగులో అక్షరమే తెగుతుంది.

ఇంతకూ అసలు విశేషం వినండి. ఆ కోసే వాక్యానికి అదివరకే పరీక్ష ఉన్నది. ఇంగ్లీషు పేరుతో రాసినది. కాబట్టి నూటికి ఇన్ని పాళ్లన్న లెక్కలో ఆ వాక్యం “పరీక్షించినది” కిందే జమ! మీదుగా నడవడం వేరు, చూడడం వేరు. ఇది చిన్న విషయమనుకోకండి. ఓపెన్ సోర్స్ కాకపోయినా ఇదే పాఠం చెప్పే సంగతి ఒకటున్నది. 2018 ఫిబ్రవరిలో, “జ్ఞా” అనే మన అక్షరాన్ని ఒక విధంగా కూర్చి పంపితే ఐఫోన్లలో కొన్ని అప్లికేషన్లు మూతపడిపోయేవి. ఆ నెలలోనే ఆపిల్ కంపెనీ సరిదిద్దింది.

అమ్మాయి కొత్త ప్రతిపాదన నాలుగే పేజీలు వచ్చింది. తప్పేమిటి, మళ్లీ కళ్లముందు తెప్పించడం ఎట్లా, దాన్ని పట్టే పరీక్ష ఏది, ఏయే భాషల పేర్లతో చూడాలి, తాను చేయలేనివేవి. చివరి రెండు వారాలు పెద్దలు చెప్పే సవరణలకు ఖాళీగా ఉంచుకున్నది. అమ్మమ్మ పేరుతో రాసిన చిన్న పరీక్షను, దిద్దుబాటును ముందే ఆ ప్రోగ్రాం నడిపేవారికి పంపింది.

ఎంపికయిందా అని అడుగుతారు. కాలేదు. వారం రోజులు ఆ పిల్ల నాతో సరిగా మాట్లాడలేదు. కాని పంపిన దిద్దుబాటునూ పరీక్షనూ మాత్రం వారు తీసుకున్నారు. కొన్ని నెలలకు ఎవరో అచ్చు వేసే భాగం మార్చారు. మార్పు వచ్చిన ప్రతిసారీ పరీక్షలన్నీ వాటంతట అవే నడిచే ఏర్పాటు ఉంటుంది. ఆ రోజు అన్నీ నెగ్గి ఒక్కటి తప్పింది, అమ్మమ్మ పేరుది. పాత తప్పు గడప దాటకుండానే దొరికిపోయింది. “మేడమ్, మా అమ్మమ్మ పట్టుకుంది!” అని ఆ అమ్మాయి ఫోనులో అరిచిన అరుపు నాకింకా వినిపిస్తూనే ఉన్నది.

మీ ఇంట్లోనూ చదువుకునే పిల్లలుంటారు. వాళ్లు పెద్ద పెద్ద ప్రణాళికలు తెచ్చి చూపిస్తే బాగుందనకండి, బాగా లేదనీ అనకండి. “ఇది తప్పితే తప్పిందని నీకెట్లా తెలుస్తుంది?” అని అడగండి. కంప్యూటరు రాకపోయినా ఆ ప్రశ్న మీరు అడగవచ్చు. జవాబు మాత్రం వాళ్లనే వెతుక్కోనివ్వండి. చేయి చాచి అందించాలని ప్రాణం కొట్టుకున్నా సరే.

సెలవు.