ముక్కు మీద మానని పుండు



మీ ఇంట్లో పెద్దవారి ముక్కు మీద చిన్న పుండు చెక్కు కడుతూ, ఊడుతూ, కొద్దిగా రక్తం కారుతూ నెల దాటినా మానలేదా? నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. అది బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ కావచ్చు. మనవారిలో ఇది తరచు నల్లగా ఉంటుంది, పుట్టుమచ్చ అనుకుని మోసపోతాము. ఏళ్ల తరబడి ఎండలో పనిచేసినవారికి ముప్పు ఎక్కువ.

క్యాన్సర్ అనగానే బెంబేలు పడవద్దు. ఇది మెల్లగా పెరుగుతుంది. ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు. కాని పసర్లు పూస్తూ కాలయాపన చేస్తే ముక్కులోని మెత్తటి ఎముకను కూడా తినేస్తుంది.

డాక్టరుగారు ఆ చోట తిమ్మిరెక్కడానికి సూది వేసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఇదే బయాప్సీ. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్నది అపోహ. జబ్బు తేలితే, దాని చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా కోసి తీసివేస్తారు. గాయం పెద్దదైతే చెంప లేదా నుదుటి చర్మంతో ముక్కును సరిచేస్తారు. ఆపరేషన్‌కు తట్టుకోలేనివారికి రేడియేషన్ ఇవ్వవచ్చు.

పుండు చిన్నదిగా ఉన్నప్పుడే వస్తే ఆపరేషనూ చిన్నదే, మచ్చా చిన్నదే. మళ్లీ రావచ్చు గనుక, మానిన తరువాత కూడా చెప్పిన తేదీకి తీసుకురండి. ప్రార్థన మానకండి, వైద్యం ఆలస్యం చేయకండి. దేవుడు మీ కుటుంబాన్ని దీవించును గాక.