బటన్ మీద బొట్టుబిళ్ళ: కంట్రోలర్ స్టిక్-ఆన్ క్యాప్స్ అసలు దేనికి?

ఒంగోలు నుంచి మాట్లాడుతున్నా. ఎండలు ముదిరినయ్. కరెంటు ఉన్నంతసేపు ఫ్యాన్ కింద, పోతే వేపచెట్టు కింద, చేతిలో గేమ్. మన సెలవులు అంతేగా. ఇవాళ చాలా చిన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. ఇదుగో, నా వేలి కొస మీద పెట్టా, కనపడుతుందా? కెమెరాకి దగ్గరగా తెస్తా ఆగండి. కందిగింజ కంటే కాస్త పెద్దది.

దీన్ని స్టిక్-ఆన్ క్యాప్ అంటారు. చేత్తో పట్టుకుని ఆడే గేమింగ్ డివైస్ గానీ, ఫోన్‌కి తగిలించే కంట్రోలర్ గానీ, దాని బటన్ల మీద అతికించుకునేది. కింద జిగురు, పైన రబ్బరో ప్లాస్టిక్కో. ఆన్‌లైన్‌లో వెతికితే పిల్లి పంజాలు, పండ్ల బొమ్మలు, మెరిసే రాళ్ళు, ఏ బీ ఎక్స్ వై అక్షరాలు, రంగులే రంగులు. ఎక్కువమంది అందం కోసం కొంటారు. తప్పేం లేదు, ఆటో వెనకాల హీరో బొమ్మ వేయించుకోవడం లాంటిదే. కానీ నన్నడిగితే అందం దాని ఆఖరి పని. మొదటి పని, చూడకుండానే వేలికి దారి చూపించడం.

ఇది కొత్త సంగతేం కాదు. మీ ఇంట్లో కంప్యూటర్ కీబోర్డు ఉంటే ఎఫ్, జే అక్షరాల మీద వేలు పెట్టండి. చిన్న గీతలాగా ఎత్తు తగులుతుంది. పాత బటన్ ఫోన్లలో 5 అంకె మీద చుక్క ఉండేది. ఫోన్ వంక చూడకుండా మెసేజ్ కొట్టే అన్నయ్యలు అప్పట్లో ఉండేవాళ్ళు, వాళ్ళ రహస్యం ఆ చుక్కే. ఇంకా దగ్గర ఉదాహరణ కావాలంటే జేబులో నుంచి కొత్త 500 నోటు తీయండి. ముందు వైపు రెండు అంచుల దగ్గరా ఏటవాలు గీతలు ఉంటయ్, ఎన్నో లెక్కపెట్టండి. ఐదు. 100 నోటు మీద నాలుగు. 200 మీద నాలుగు గీతలూ, మధ్యలో రెండు చిన్న సున్నాలు. చూపు లేనివాళ్ళు తడిమి నోటు గుర్తుపట్టడానికి పెట్టినయ్ అవి. నలిగిన నోటు మీద సరిగ్గా తగలవనుకోండి, అది వేరే సంగతి.

ఒక్కటి గమనించారా? కీబోర్డు మీద అన్ని కీలు ఉంటే, గుర్తు పెట్టింది రెండింటికే. ఫోన్‌లో ఒక్కదానికే. ఈ పాయింట్ పక్కన పెట్టుకోండి, మళ్ళీ వస్తా.

మా బాబాయి కొడుకు ఒకడున్నాడు, ఇంటర్ చదువుతున్నాడు. వాడికి చూపు బాగా తక్కువ. పుస్తకం ముక్కుకి ఆనించి చదువుతాడు. ఇంట్లో ఒక చేతి గేమ్ డివైస్ ఉంది, పాత కన్సోల్ గేములు ఆడేది. చేతులు మారీ మారీ బటన్ల మీద అక్షరాలు అరిగిపోయినయ్. అవి ఉన్నా వీడికి కనపడవు, అది వేరే. నాలుగు బటన్లూ ఒకే సైజు, ఒకే గుండ్రం, ఒకే నునుపు. దూకమంటే కొడతాడు, కొట్టమంటే మెనూ తెరుచుకుంటుంది. మిగతా పిల్లలు నవ్వేవాళ్ళు. రెండు రోజులు చూసి, "నాకు ఆటలు పడవులే అన్నా, నువ్వే ఆడుకో" అని డివైస్ నా ఒళ్ళో పెట్టాడు. పదహారేళ్ళవాడు ఆ మాట అంటే ఎట్టా ఉంటుంది?

క్యాప్స్ ఆర్డర్ పెడితే నాలుగు రోజులు పడుతుంది. అంతదాకా ఆగడం ఎందుకని అమ్మ అద్దం మీద చూశా. మన ఇళ్ళలో అద్దం మీద ఎప్పుడూ నాలుగు పాత బొట్టుబిళ్ళలు అతికించి ఉంటాయిగా. రాయి బొట్టు, మఖమల్ బొట్టు, సన్న చుక్క, పెద్దది. అన్నీ వాడి చేతికిచ్చా. వాడే నాలుగు బటన్లకీ నాలుగు రకాలు అతికించుకున్నాడు. ఒక గంట ఆడాడు. తర్వాత మూడు పీకేశాడు. ఎందుకురా అంటే, "నాలుగూ గుచ్చుకుంటుంటే ఏది ఏందో ఆలోచించాల్సొస్తంది. ఒకటి తెలిస్తే చాలు, మిగతావి దానికి ఏ పక్కనున్నయ్యో వేలికే తెలుసు" అన్నాడు. కింద బటన్ మీద రాయి బొట్టు ఒక్కటే ఉంచుకున్నాడు. కీబోర్డు తయారుచేసినవాళ్ళు చేసిందీ అదే. వీడికి ఎవరూ చెప్పలా.

అందుకే నా సలహా: డబ్బులు పెట్టి కొనేముందు బొట్టుబిళ్ళతో వారం ఆడి చూడండి. ప్యాకెట్ ఏ ఫ్యాన్సీ షాపులో అయినా దొరుకుతుంది. జిగురు మెత్తన, తీస్తే మరక కూడా పెద్దగా ఉండదు. చెమటకి ఊడిపోతుంది, నిజమే. కానీ మీ వేలికి ఏ బటన్ మీద గుర్తు కావాలో, ఎంత ఎత్తు కావాలో ఈలోపు తేలిపోతుంది.

ఎత్తు అన్నా కదా, అసలు కథ అక్కడే ఉంది. చాలా డివైస్‌లలో బటన్ కింద ఏముంటుందంటే, రబ్బరు బుడగ లాంటిది, దాని లోపలి వైపు నల్లటి కార్బన్ బిళ్ళ. మీరు నొక్కితే బుడగ అణిగి, కార్బన్ వెళ్ళి కింద బోర్డు మీద ఉన్న రాగి గీతల్ని కలుపుతుంది. అప్పుడే నొక్కినట్టు లెక్క. ఇందుకోసం బటన్ లోపలికి దిగేది ఎంతో కాదు, మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. ఇప్పుడు బటన్ కంటే వెడల్పాటి క్యాప్ అతికించారనుకోండి. బటన్ దిగేలోపే క్యాప్ అంచు చుట్టూ ఉన్న బాడీకి తగిలి ఆగిపోతుంది. కార్బన్ గీతల దాకా పోదు. పదిసార్లు నొక్కితే ఆరుసార్లు పనిచేస్తుంది. "క్యాప్ పెట్టాక డివైస్ పాడైపోయింది బ్రో" అనేవాళ్ళలో చాలామందికి పాడైంది డివైస్ కాదు, అంచు తగులుతోంది అంతే.

కాబట్టి క్యాప్ వెడల్పు బటన్‌కి సమానంగా గానీ, ఒక వెంట్రుకవాసి తక్కువగా గానీ ఉండాలి. మందం కాస్త ఎక్కువైనా పర్లేదు. వెడల్పు మాత్రం ఎక్కువ కాకూడదు. కొనేముందు స్కేలు పెట్టి బటన్ కొలవండి, క్యాప్ సైజు చూడండి. వచ్చాక జిగురు మీద కాగితం తీయకుండానే బటన్ మీద ఆనించి, పక్క నుంచి చూస్తూ నొక్కండి. అంచు బాడీకి తగులుతుంటే తిప్పి పంపేయండి. నింటెండో స్విచ్ వాడేవాళ్ళకి సెట్టింగ్స్‌లో బటన్లు టెస్ట్ చేసే పేజీ ఉంది. ఫోన్ కంట్రోలర్ అయితే ప్లే స్టోర్‌లో గేమ్‌ప్యాడ్ టెస్ట్ యాప్స్ ఉంటయ్. ఒక్కో బటన్ ఇరవైసార్లు నొక్కి చూసుకోండి.

ఇక అతికించడం. మనవాళ్ళు హడావుడి పడేది ఇక్కడే. బటన్ మీద వేలి జిడ్డు ఉంటుంది, దాని మీద ఏ జిగురూ నిలవదు. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్పిరిట్ దూదికి కాస్త అద్ది తుడవండి. డివైస్ ఆఫ్ చేసి తుడవండి, కారేలాగా పోయొద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వద్దు. అందులో అసిటోన్ ఉంటే ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది, బటన్ మీద నునుపు పోయి తెల్లగా మరక పడుతుంది. ఆరాక క్యాప్ పెట్టి అరనిమిషం గట్టిగా అదిమి పట్టండి. తర్వాత ఒక రోజు ముట్టుకోవద్దు. ఈ రకం జిగురు వెంటనే పట్టినట్టే ఉంటుంది గానీ పూర్తి బలం రావడానికి గంటలు పడుతుంది. రాత్రి అతికించి పడుకోవడం మేలు.

"ఊడిపోతోంది, సూపర్ గ్లూ వేస్తే?" అనొద్దు. ఆ జిగురు నీళ్ళలాగా పారుతుంది. బటన్ పక్క సందులోకి దిగిందంటే బటన్ అక్కడే బిగుసుకుపోతుంది. ఇక దాన్ని ఎవరూ తీయలేరు, మొత్తం విప్పాల్సిందే.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన గొడవలు రెండున్నాయి. ఒకటి ఎండ. మధ్యాహ్నం బండి డిక్కీలో డివైస్ పెట్టి మర్చిపోయారంటే జిగురు మెత్తబడి క్యాప్ పక్కకి జారుతుంది. సాయంత్రం చూస్తే ఏ బటన్ మీదది వై బటన్ వైపు నడిచిపోతూ ఉంటుంది. క్యాప్ సంగతి తర్వాత, ఆ వేడికి బ్యాటరీకే మంచిది కాదు. రెండోది మిరపకాయ. నవ్వొద్దు. కల్లంలో కాయలు ఏరి వచ్చినవాళ్ళకి తెలుసు, చేతులు ఎన్నిసార్లు నీళ్ళతో కడిగినా మంట పోదు. ఆ ఘాటు నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. అదే చేత్తో గేమ్ ఆడితే రబ్బరు క్యాప్ దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. తర్వాత ఇంకెవరో ఆడి కళ్ళు నలుపుకుంటారు, ఇక చూస్కోండి. ముందు చేతికి కాస్త నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి. డివైస్‌ని స్పిరిట్ దూదితో తుడవండి, దానికి ఆ ఘాటు లొంగుతుంది. పత్తి పనిలో ఉన్న ఇళ్ళలో నూగు బటన్ సందుల్లో చేరుతుంది, మెత్తటి బ్రష్ ఒకటి దగ్గర పెట్టుకోండి.

బొటనవేలితో తిప్పే స్టిక్ సంగతి వేరే. దాని క్యాప్స్ చాలావరకు అతికించేవి కాదు, సాక్సులాగా తొడిగేవి. స్టిక్ పొడుగైతే అదే కోణానికి వేలు ఎక్కువ దూరం కదలాలి. అందుకే గురి పెట్టే ఆటల్లో చేయి నిలకడగా ఉంటుంది, గట్టిగా గిరగిరా తిప్పే ఆటల్లో అలసట వస్తుంది. మందం క్యాప్ అయితే స్టిక్ చివరిదాకా వంగకుండా బాడీకి తగలొచ్చు. సెట్టింగ్స్‌లో స్టిక్ కాలిబ్రేషన్ తెరిచి గుండ్రంగా తిప్పండి, చుక్క వలయం అంచు దాకా పోతోందా చూడండి. ఇంకోటి, మీరు ముట్టుకోకుండానే బొమ్మ నడిచిపోతుంటే అది డ్రిఫ్ట్. లోపల భాగాల అరుగుదల వల్ల వచ్చేది. దానికి క్యాప్ మందు కాదు, ఎవరు అమ్మినా నమ్మొద్దు.

అక్షరాల క్యాప్స్ కొనేవాళ్ళకి ఒక మాట. నింటెండోలో ఏ బటన్ కుడి పక్కన, బీ కింద. ఎక్స్‌బాక్స్‌లో ఏ కింద, బీ కుడి పక్కన. ఎక్స్, వై కూడా తారుమారే. ఫోన్‌లో ఎమ్యులేటర్ మీద పాత గేములు ఆడేటప్పుడు తికమక అంతా దీనితోనే. పైన అక్షరం మార్చినంత మాత్రాన లోపల ఏం మారదు, సెట్టింగ్స్‌లో బటన్ మ్యాపింగ్ కూడా మార్చుకోవాలి. ఇంత పెద్ద సోనీ వాళ్ళకే ఈ తంటా తప్పలా. జపాన్‌లో సున్నా అంటే ఓకే, ఇంటూ అంటే వద్దు. అమెరికాలో దానికి అడ్డం. 2020లో ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు జపాన్‌లో కూడా ఇంటూనే ఓకే చేశారు.

పెద్ద కంపెనీలు ఈ క్యాప్స్ పనిని సీరియస్‌గా తీసుకుంది ఈమధ్యే. మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది, చేతులు అందరిలా ఆడనివాళ్ళ కోసం. సోనీ 2023 డిసెంబర్‌లో యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది. దాని డబ్బాలోనే రకరకాల ఆకారాల బటన్ క్యాప్స్ ఇస్తారు. వెడల్పువి, వంపువి, చదునువి, ఎవరి చేతికి ఏది కుదిరితే అది. వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర 89.99 డాలర్లు. మనవాడి రాయి బొట్టు ఆ కుటుంబంలోదే అని నేనంటా, ధరలో తేడా అంతే.

కంట్రోలరే కొత్తగా కొనేవాళ్ళు ముందు మీ గేమ్ దాన్ని తీసుకుంటుందో లేదో చూసుకోండి. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ తీసుకుంటుంది, కంట్రోలర్ ఉన్నవాళ్ళని కంట్రోలర్ ఉన్నవాళ్ళతోనే ఆడిస్తుంది. అన్ని గేములూ అట్టా ఉండవు. దొంగదారిన బటన్ మ్యాపింగ్ యాప్ పెడితే అకౌంట్ పోయే ప్రమాదం ఉంది.

పుస్తకంలాగా మడిచే డివైస్ వాడేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. మూత వేసినప్పుడు క్యాప్ ఎత్తు నేరుగా స్క్రీన్‌కి తగులుతుంది. ఒక సన్న కాగితం బటన్ల మీద పెట్టి మూత వేసి, మెల్లగా లాగండి. బిగుసుకుపోయి రాకపోతే ఆ క్యాప్ వద్దు, బొట్టుబిళ్ళల్లో సన్న చుక్క చాలు. రాయి బొట్టు అయితే అస్సలు వద్దు, స్క్రీన్ గీరుకుపోతుంది.

తీసేయాలనుకుంటే గోళ్ళతో పీకొద్దు. హెయిర్ డ్రయర్ తక్కువ వేడి మీద కాసేపు పట్టి, దారం ఒకటి క్యాప్ కిందికి పోనిచ్చి రంపంలాగా లాగండి. మిగిలిన జిగురు స్పిరిట్‌తో పోతుంది. హెయిర్ డ్రయర్ లేదా? మే నెలలో ఒంగోల్లో దాని అవసరం ఏముంది, పది నిమిషాలు వరండాలో పెట్టండి. దగ్గరే ఉండి చూస్కోండి, మర్చిపోయి లోపలికి మాత్రం పోవద్దు. ఉంటా మరి.