“అంతా బాగుంది” అనే జవాబు

(షాబాన్ మాసంలో ఒక మహల్లా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము వైద్యులము కాము, ఆలిములము అంతకన్నా కాము. ముప్పైమూడేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, ఫైళ్ళ మధ్యనే జుట్టు నెరిసినవారము. అయినా మా ఇంట జరిగిన ఒక సంగతి మీ ముందుంచాలని కమిటీవారిని కోరి ఈ అవకాశం తీసుకొన్నాము. రంజాన్‌కు ఇంక మూడు వారాలే ఉన్నది. ఇప్పుడు చెప్పకపోతే చెప్పీ ప్రయోజనముండదు.

మా శ్రీమతికి పదేళ్ళకు పైగా షుగర్ వ్యాధి ఉన్నది. కొన్నేళ్ళ క్రిందటి రంజాన్‌లో, అసర్ నమాజు వేళ దాటితే చాలు, ఆమె మాటలో విసుగు కనిపించేది. చిన్న విషయానికే కసురుకొనేది. “రోజా ఉండి ఈ కోపమేమిటి? సబర్ చేయరాదా?” అని మేము మందలించాము. ఒకసారి కాదు, వారం రోజులు మందలించాము. ఆమె మారు పలుకలేదు. ఎనిమిదవ నాడు ఇఫ్తార్‌కు ఇరవై నిమిషాలుందనగా, పకోడీలు వేస్తూ వేస్తూ బాణలి పక్కనే కూలిపోయింది. అటు పడక ఇటు పడింది, అల్లాహ్ కాపాడాడు. స్పృహ పూర్తిగా తప్పలేదు గనుక మా కోడలు చక్కెర నీళ్ళు త్రాగించింది. పొరుగింటివారి యంత్రంతో చూస్తే రక్తంలో చక్కెర 48 ఉన్నది.

చక్కెర పడిపోయినప్పుడు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది, చిరాకు కలుగుతుంది. మేము కోపమనుకొన్నది రోగ లక్షణం. రోగానికి మేము నీతిబోధ చేశాము!

మరునాడు ఆసుపత్రికి వెళ్ళాము. చీటీ వ్రాసే ఉద్యోగి బురఖా చూచి వచ్చీరాని హిందీలో మాట్లాడసాగాడు. మా శ్రీమతి పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినది. శతక పద్యాలు నేటికీ అప్పజెప్పగలదు. ఆమె సిగ్గుపడి మా వైపు చూచింది, జవాబు మేము చెప్పాము. లోపల యువ వైద్యుడు నవ్వుతూ, “మీవాళ్ళు బిర్యానీ మానరు కదా!” అన్నాడు. మాది కర్నూలు ప్రాంతం; మా ఇంట రాత్రిపూట జొన్నరొట్టె, పప్పే. ఆయన చెడ్డవాడు కాడు. ఎదుటి మనిషిని చూడకముందే ఆ మనిషి పళ్ళెంలో ఏమున్నదో నిర్ణయించుకొన్నాడు, అంతే.

ఆయనను తప్పుపట్టి ఊరుకొందుమా? ఆయన ఆమెను అడిగిన ప్రతి ప్రశ్నకూ మేమే బదులు చెప్పాము. మాత్రలు వేళకు వేసుకొంటున్నారా? వేసుకొంటుంది. కళ్ళు తిరుగుతాయా? లేదు. అంతా బాగుంది. ఆయన ఆమెను బురఖాగా చూచాడు. మేము ఆమె నోటికి మా నోరు అడ్డుపెట్టాము. రెంటికీ ఎంత తేడా ఉన్నదో మాకు నేటికీ తెలియదు.

తరువాత పెద్ద డాక్టరమ్మగారు వచ్చి మమ్మల్ని బయట కూర్చోమన్నారు. పావుగంట తరువాత పిలిచి చెప్పినది విని తల దించుకొన్నాము. ఆమెకు రెండేళ్ళుగా రోజాలలో కళ్ళు తిరుగుతున్నవట. పగటి మాత్ర తప్పిపోతుందని, రెండు పూటల మాత్రలూ సహరీలోనే కలిపి వేసుకొంటున్నదట. చెబితే రోజా మాన్పిస్తారని, ఇల్లంతా ఉపవాసముంటే తానొక్కతే ఎలా తినగలనని దాచినదట. ముప్పై ఒక్క ఏళ్ళ సంసారంలో మాకు చెప్పలేనిది పరాయి మనిషికి పావుగంటలో చెప్పింది.

ఎందుకు చెప్పలేదని ఇంటికి వచ్చి అడిగాము. “మీరు ఎప్పుడు అడిగారు?” అన్నది. రోజూ అడిగామే! నిజమే, “బాగున్నావా?” అని అడిగాము. కార్యాలయంలో పెద్దాఫీసరు తనిఖీకి వచ్చి “అంతా సక్రమమేనా?” అంటే మేము “సక్రమమే సార్” అనేవాళ్ళము. బీరువాలో ఎన్ని కాగితాలు జవాబు లేక మూలుగుతున్నవో ఆయన అడిగింది లేదు, మేము చెప్పిందీ లేదు. ఇప్పుడు మేము వేరుగా అడుగుతున్నాము: రాత్రి ఎన్నిసార్లు లేచావు? ఏ మాత్ర ఎప్పుడు వేసుకొన్నావు? అడిగి, జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకొంటున్నాము. ఈ రెండవదే కష్టం.

సబర్ అంటే నొప్పిని దాచుకోవడమని మన ఇళ్ళలో ఆడపిల్లలకు నేర్పింది ఎవరు? దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో, ఉపవాసం విధించిన చోటనే, రోగులకూ ప్రయాణికులకూ ఇతర దినాలలో లెక్క పూర్తిచేసుకొనే వెసులుబాటు ఉన్నది. శక్తి లేనివారికి పేదలకు అన్నం పెట్టే ఫిద్యా ఉన్నది. ఆ వెసులుబాటును వాడుకొన్న మనిషిని వంటింటి మూల దొంగలా తినేటట్లు చేసినది మన చూపులే. మగవారికీ ఇదే అవస్థ. షుగర్ ఉన్నదని తెలిస్తే పనిలో చులకన అవుతామని రక్తపరీక్షకే రాని సోదరులు ఈ సభలోనే ఉన్నారు, పేర్లు చెప్పము.

కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్, ఖాళీ కడుపున చక్కెరను మరీ దించివేయగలవు; మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ భయం తక్కువ. ఏ మాత్ర ఇఫ్తార్‌కు మార్చాలో, ఏది తగ్గించాలో వైద్యులే చెప్పాలి, పొరుగువారు కాదు. నెలన్నర ముందే కలవడం మంచిది, ఆలస్యమైనదని మానుకోకండి. వ్రేలికి సూది గుచ్చి పరీక్షించుకొంటే రోజా భంగం కాదని ఆలిములలో అత్యధికుల అభిప్రాయం. సందేహముంటే మన ఇమాం సాహెబ్‌ను అడగండి. చక్కెర 70 కన్నా తగ్గినా, 300 దాటినా, అజాన్‌కు అయిదే నిమిషాలున్నా, రోజా విరమించాలని వైద్యులు చెబుతున్నారు. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి, 108కు ఫోను చేయండి.

ఆ ఏడు మిగిలిన రోజాలు మా శ్రీమతి ఉండలేదు. మొదటి రెండు రోజులు ఆమె మధ్యాహ్నం తలుపు వేసుకొని తిన్నది. మూడవ నాడు మేము పళ్ళెం హాలులోకి తెచ్చి పెట్టి, ఎదురుగా కూర్చొన్నాము. ఆమె ఏడ్చింది, తరువాత తిన్నది. ఖజా ఉపవాసాలు చలికాలంలో, పగలు తక్కువగా ఉన్న రోజులలో, డాక్టరమ్మగారిని అడిగి పూర్తిచేసింది.

వచ్చే ఆదివారం జుహర్ తరువాత ఈ హాలులోనే ఆరోగ్య కార్యకర్త వచ్చి ఉచితంగా పరీక్ష చేస్తారు. వాడుతున్న మాత్రల అట్టలన్నీ తీసుకొని రండి. స్త్రీలు తూర్పు గదిలోకి ఒక్కొక్కరే వెళతారు. భర్తలు, కొడుకులు వరండాలో కూర్చోవాలి. కుర్చీలు వేయించాము, చాయ్ కూడా ఉంటుంది.