అంగడి విలువ ఎంత?

గాజులు కుదువపెట్టి అంగడికి డబ్బిచ్చే ఇల్లాలు ముందు ఒక్క మాట అడగాలి: ఈ అంగడి నిజంగా ఎంత చేస్తుంది?

మన తుమ్మలపల్లెలో, యురేనియం గని కార్మికులు వచ్చిపోయే ఒక కిరాణా అంగడి ఉందనుకుందాం. ఫ్రిజ్, అలమరలు, తూకం మిషను అన్నీ కలిపి, అరుగుదల పోను, పుస్తకంలో 60,000 రూపాయలు. బేరాలు తగ్గాయి. ఇప్పుడు అమ్మితే ఖర్చులు పోను 30,000 వస్తుంది. ఇది అయినకాడికి తెగనమ్మే ధర కాదండీ, బజారులో నెమ్మదిగా అమ్మితే వచ్చే ధర. ఉంచుకుని వాడితే ముందుముందు వచ్చే రాబడి నేటి విలువలో 44,000. రెంటిలో ఎక్కువది తీసుకోవాలి. మిగిలిన 16,000 నష్టం ఈ ఏడే రాసెయ్యాలి. పెద్ద కంపెనీలకు 2016 నుంచి దశలవారీగా వచ్చిన 'ఇండ్ ఏఎస్ 36' నియమం చెప్పేదీ ఇదే.

సరుకు లెక్క వేరు. కొన్న ధర, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే ధర, రెంటిలో తక్కువది. పురుగుపట్టిన కందిపప్పుకి కొన్న ధర కట్టుకుంటే ఎవరిని మోసం చేసినట్టు?

నష్టం రాస్తే లక్ష్మి పోతుందంటారు. పోయిన లక్ష్మి ఎప్పుడో పోయింది. దాన్ని దాచిన పుస్తకం చూసి మళ్లీ అప్పు చేస్తేనే ఉన్నదీ పోతుంది. గాజులు తీసేముందు పుస్తకం అడగండమ్మా. సెలవు.