నడవని రోజుకు 20 రూపాయలు

నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా బీపీ, షుగరు ఉన్నవాళ్లకు డాక్టరు మందులు రాసిచ్చి 'రోజూ నడవండి' అంటారు. నాలుగు రోజులు నడుస్తాం. తర్వాత ఏదో పని అడ్డొస్తుంది. మిరప చేలో పొద్దంతా వంగి కోసే కూలీల గురించి కాదు, కొట్లో, ఆఫీసులో కూర్చునేవాళ్ల గురించి చెబుతున్నాను.

డబ్బిస్తే నడుస్తారా? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు అధిక బరువున్న 281 మంది ఉద్యోగులతో 13 వారాలు పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. లక్ష్యం రోజుకు 7,000 అడుగులు. కొందరికి లక్ష్యం చేరిన రోజుకు 1.40 డాలర్లు ఇచ్చారు. ఇంకొందరి పేరిట నెల మొదట్లోనే 42 డాలర్లు జమకట్టి, చేరని రోజుకు 1.40 కోసేశారు. లెక్కకు రెండూ ఒకటే. కానీ ఏమీ ఇవ్వనివాళ్లు నూటికి 30 రోజులు లక్ష్యం చేరితే, రోజూ పుచ్చుకున్నవాళ్లు 35, కోత పడేవాళ్లు 45 రోజులు చేరారు. తనదనుకున్న సొమ్ము పోతుంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. అయితే డబ్బు ఆపేశాక ఆ తేడా నిలవలేదు. అందుకే ఇలాంటి కోత పద్ధతి పెట్టుకుంటే ఒక్క నెలతో ఆపకూడదంటాను.

మీరూ చేసి చూడండి. కలిసి నడిచే నలుగురు తలా 600 రూపాయలు నమ్మకస్తుడి దగ్గర ఉంచండి. డుమ్మా కొట్టిన రోజుకు 20 కోత, మిగిలింది నెలాఖరున వాపసు. కోత సొమ్ముతో బడిపిల్లలకు బంతులు కొనివ్వండి. ఒంట్లో బాగాలేని రోజు కోత వద్దు. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ఎంత నడవచ్చో ముందు డాక్టరునే అడగండి.