చెరువుగట్టు – ప్రజాధనము
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిలిచినదన్నచో అందులకు రెండు కారణములుండును. చదువరుల ఆదరము మొదటిది. ఏటేటా చేరెడి చిన్న రాబడి రెండవది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల వంతున వసూలగు గ్రంథాలయ పన్ను ఎవ్వరికిని భారముగా తోచదు. కాని ఆ పైసలే బీరువాలలో పుస్తకములై, బల్లపై పత్రికలై కానవచ్చుచున్నవి. ఊరి చెరువునకును, చెట్టునీడకును, పిల్లలాడుకొను బయలునకును ఇట్టి స్థిరమైన రాబడి ఉండవలదా?

పూర్వులు ఈ సంగతి నెఱిగినవారే. చెరువు త్రవ్వించినవారికిని, దాని మరమ్మతు చూచువారికిని దశబంధ మాన్యములుండెడివి. తూము విప్పి నీరు పంచు నీరటివానికిని మాన్యముండెడిది. చెరువు పోషణకు కావలసిన వ్యయము చెరువు క్రింది భూమినుండియే లభించెడిదన్నమాట. ఆ కట్టుబాటు సడలిన పిదప పెక్కు చెరువులలో పూడిక పేరుకొనెను. గట్లపై కంప మొలచెను. శిఖము భూములు ఆక్రమణల పాలయ్యెను. గ్రామపు ఉమ్మడి భూములను, కుంటలను ఆక్రమణల నుండి విడిపింపవలెనని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రములన్నింటిని ఆదేశింపవలసి వచ్చెను.

2015లో మిషన్ కాకతీయ ఆరంభమైనది. తెలంగాణలోని 46,000కు పైబడిన చెరువుల పునరుద్ధరణ దాని సంకల్పము. సిద్దిపేట పట్టణమునందలి కోమటి చెరువు ఆ కాలముననే విహారస్థలముగా రూపొందినది. గట్టుపై నడక దారి, నీటిపై పడవ విహారము, తీగల వంతెన ఏర్పడినవి. ధనవంతునకు స్వంత తోట యుండవచ్చును. ఇరుకింటిలో కాపురముండు కూలివానికి చెరువుగట్టే తోట. కావున ఇది విలాసము కాదు. ఆసుపత్రివలె, పాఠశాలవలె ప్రజల అవసరము. అయితే గట్టు కట్టుటకు ఒకసారి ఇచ్చిన ధనము చాలును. దానిని నిలుపుటకు ప్రతి సంవత్సరము ధనము కావలయును. ఆరంభోత్సవమునకు వచ్చిన నిధి అయిదేండ్ల తరువాత పూడిక తీయుటకు రాకపోయినచో మునుపటి కంపయే మరల మొలచును.

చట్టములలో దీనికి మార్గము లేకపోలేదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము వెంబడి గ్రామ బడ్జెట్‌లో 10 శాతము పచ్చదనమునకు కేటాయింపవలెనని, నాటిన మొక్కలలో 85 శాతము బ్రతుకవలెనని నియమము వచ్చినది. 2021లో శాసనసభయందు హరితనిధి ప్రకటింపబడినది. ఉద్యోగి నెలకు 25 రూపాయలు, శాసనసభ్యుడు 500 రూపాయలు ఈయవలెనని అందలి యోచన. అడవిని ఇతర పనులకు తీసికొన్నవారు చెల్లించు పరిహారమునకు 2016లో కేంద్ర చట్టము ఏర్పడినది; దాని ప్రకారము 90 శాతము రాష్ట్రములకే చెందును. రంగనాయకసాగరము, మల్లన్నసాగరము గల ఈ జిల్లావారికి ఈ విషయము దూరమైనది కాదు. అవి భాగమైన కాళేశ్వరము పథకమునకు 3,000 హెక్టార్లకు పైగా అటవీభూమి వినియోగింపబడినది. నీరు వచ్చినది, మంచిదే. పోయిన అడవికి బదులు అడవి మొలచినదా యని అడుగు హక్కు ప్రజలకు కలదు.

ఇట్టి నిధికి పేరు పెట్టినంతమాత్రమున పని జరుగదని అమెరికా అనుభవము చెప్పుచున్నది. అచ్చట 1964లో భూమి, జలముల సంరక్షణ నిధి నెలకొల్పబడినది. సముద్రగర్భమున తీయు చమురు, వాయువులపై ప్రభుత్వమునకు వచ్చు రాబడియే దానికి మూలాధారము. ఒక ప్రకృతిసంపదను తీసికొన్నందులకు మరియొకదానిని కాపాడుట అందలి న్యాయము. ఏటికి 90 కోట్ల డాలర్ల వరకు కూర్ప వీలున్నను, దశాబ్దములపాటు అందు సగమునకు పైగా ఇతర పద్దులకు మరలిపోయెను. తుదకు 2020లో ఆ మొత్తమును ప్రతి సంవత్సరము తప్పక ఈయవలెనని శాసనము చేయవలసి వచ్చెను. అర్ధశతాబ్దికి పైగా గడచిన పిదప గాని నిధి నిండలేదు!

ఇందలి నీతి స్పష్టము. చెరువునకును, వనమునకును కేటాయించిన ధనము మరియొక పద్దునకు పోరాదు. ఎంత వచ్చినది, ఎంత వ్యయమైనది, ఎన్ని మొక్కలు బ్రతికినవి, శిఖము హద్దురాళ్లు ఎచ్చటనున్నవి అను లెక్క ఏటేటా గ్రామసభలో చదువబడవలెను. ఆ లెక్క ప్రతి యొకటి గ్రంథాలయపు బల్లపై, దినపత్రికల ప్రక్కన, ఎవరైనను తీసి చూచుకొనునట్లు ఉండవలెను. చదువనేర్చిన ఊరిలో పద్దు దాగదు. పద్దు దాగని ఊరిలో చెరువు ఎండదు.