ఎరుక ఉంటే మన కోపం మన చేతిలోనే



1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అష్టాంగ మార్గంలో నడుస్తామన్నది ఒకటి. ఆ మార్గంలో ఏడోది సమ్యక్ స్మృతి. అంటే ఎరుక. ఇది మనకు పరాయిది కాదు. మన కడప సీమలోనే, నందలూరు దగ్గర బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి.

"కడుపు మండుతుంటే కండ్లు మూసుకొని కూచోమంటారా? ధ్యానం తిన్నదరగనోళ్ల పని" అంటారు కొందరు. అన్యాయాన్ని మరిచిపొమ్మని మేం చెప్పడం లేదు. జమ్మలమడుగు, పులివెందుల పక్క ఫ్యాక్షన్ తగాదాల్లో ఏం జరిగింది? పగలు పెద్దోళ్లవి, వాళ్ల కోసం ప్రాణాలు పోగొట్టుకున్నోళ్లలో కూలోళ్లు ఎందరో! కోపం రావడం తప్పు కాదు. మన కోపాన్ని ఇంకొకడు వాడుకోవడమే ప్రమాదం.

పొద్దున్నే పనికి పోకముందు పది నిమిషాలు నడుము నిటారుగా పెట్టి కూచోండి. ముక్కు దగ్గర ఊపిరి వచ్చేది, పోయేది గమనించండి. మంత్రం లేదు, పూజారి లేడు, దక్షిణ లేదు. మనసు అప్పు మీదికో, అవమానం మీదికో పరుగెత్తుతాది. పోయిందని తెలుసుకొని మళ్లీ ఊపిరి మీదికి తెచ్చుకోండి. కోపమొస్తే 'ఇది కోపం' అని చూడండి. శరీరం, వేదన, చిత్తం, ధర్మాలు - ఈ నాలుగింటి మీద ఎరుక నిలపమని సతిపట్ఠాన సుత్తం చెప్పేది.

ప్రొద్దుటూరు అంగళ్లలో మూటలు మోసేటోళ్లమైనా, పులివెందుల చీనీ తోటల్లో పాదులు తవ్వేటోళ్లమైనా, నిలకడైన మనసుతో న్యాయమైన కూలి అడుగుదాం. దౌర్జన్యం జరిగితే స్టేషన్‌కు పోయి 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు రాయమందాం. అప్పుడు గొంతు వణకదు, నోరు జారదు.

జై భీమ్!